పెన్నె వోడ్కా పిజ్జా షాపులో తిన్నట్టు ఇంట్లో రావాలంటే ఏం చేయాలి?

ఎడిసన్ కోడలు:

అందరికీ నమస్తే అండీ. న్యూజెర్సీలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇక్కడ మనవాళ్ల ఏ ఫంక్షన్‌కి వెళ్లినా, బారసాల కానివ్వండి, ఓణీల ఫంక్షన్ కానివ్వండి, పెద్దవాళ్ల వరసలో బిర్యానీ, గుత్తొంకాయ, పెరుగన్నం. పిల్లల వరసలో అల్యూమినియం ట్రే నిండా పెన్నె వోడ్కా, అంటే టమాటా, క్రీమ్, కాస్త వోడ్కా పోసి చేసిన సాస్ కలిపిన గొట్టాల పాస్తా. మా చిన్నది పప్పన్నం పెడితే అరగంట నములుతుంది గానీ, ఇది మాత్రం మారు అడిగి మరీ పెట్టించుకుంటుంది. వచ్చే నెల దాని పుట్టినరోజు. నలభై మంది దాకా వస్తారు. ఈసారి ట్రేలు బయట ఆర్డర్ ఇవ్వను, నేనే చేస్తానని మా ఆయనతో పంతం పట్టాను.

పంతం అయితే పట్టాను గానీ ఆ రుచి రావట్లేదు. షాపు వాళ్లది మంచి కాషాయం రంగులో, ప్రతి గొట్టానికీ పట్టుకుని, కాస్త తీపి, కాస్త కారం, నోట్లో వెన్నలా ఉంటుంది. నాది లేత గులాబీ రంగులో నీళ్లోడుతూ ఉంటోంది. ప్లేటులో పాస్తా ఒకచోట, సాస్ ఒకచోట. ఒక్కోసారి క్రీమ్ పోయగానే విరిగిపోయి పలుకులు కనబడుతున్నాయి. వాడే సరుకులు: క్రష్డ్ టమాటా డబ్బా, హాఫ్ అండ్ హాఫ్ (పాలు, క్రీమ్ కలిపినది), డబ్బాలో వచ్చే పార్మెజాన్ చీజ్ పొడి.

ఇంకో రెండు సందేహాలు. మరిగిస్తే వోడ్కా మొత్తం ఆవిరైపోతుందంటారు, నిజమేనా? పిల్లలకి పెట్టొచ్చా? అలాగే మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. గుడ్డు కూడా ముట్టరు. "ఏంటమ్మా ఆ ఎర్ర గొట్టాలు, ఈసారి చేసినప్పుడు నాకూ కాస్త పెట్టు" అంటున్నారు. ఆవిడకి పెట్టకూడనిది అందులో ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

సాస్ పిచ్చోడు:

అక్కా, పుట్టినరోజు రోజు ఇల్లు సర్దుకోవాలా, పిల్లల్ని తయారు చేయాలా, గరిటె పట్టుకుని నిలబడాలా? రావోస్ వోడ్కా సాస్ జార్లు నాలుగైదు తెచ్చుకోండి. వేడి చేసి కలిపేస్తే అయిపోతుంది. పిల్లలకి తేడా తెలియదు. నాకైతే తెలియదు.

గరిటె గోపాలం:

పిచ్చోడు గారూ, జార్ సాస్‌కి నేను వ్యతిరేకం కాదు, మా ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. కానీ ఆవిడ పంతం పట్టానని చెప్పాక జార్ కొనుక్కోమనడం ఏం బావుంటుంది.

కోడలు గారూ, నేను హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని ఇక్కడికొచ్చి వంటింట్లో పడ్డవాణ్ణి. నార్త్ జెర్సీలో ఒక ఇటాలియన్ అమెరికన్ రెస్టారెంట్‌లో పాస్తా స్టేషన్ చూస్తుంటాను. శుక్రవారం రాత్రి ప్రింటర్ కక్కే చీటీల్లో అన్నిటికంటే ఎక్కువ కనబడేది ఇదే. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు మూడు సరుకులు చెప్పారు, మూడు ఇబ్బందులు చెప్పారు. ఒక్కో సరుకూ ఒక్కో ఇబ్బందికి కారణం. క్రష్డ్ టమాటా వల్ల నీళ్లు. హాఫ్ అండ్ హాఫ్ వల్ల విరగడం. డబ్బా పొడి వల్ల ఆ పలుకులు ఇంకాస్త ఎక్కువ కనబడటం.

ముందు టమాటా సంగతి. మా దగ్గర నంబర్ 10 డబ్బాలు వస్తాయి, ఒక్కొక్కటి మూడు కిలోల దాకా ఉంటుంది. తొక్క తీసిన టమాటాలు చేత్తో నలిపి మరినారా, అంటే మామూలు టమాటా సాస్, ఒకటి పొద్దున్నే పెద్ద గిన్నెలో కాచి పెట్టుకుంటాం. చాలా పిజ్జా షాపుల్లో వోడ్కా సాస్ అంటే ఆ మరినారాలో క్రీమ్ కలపడమే. గంటలకొద్దీ కాగిన మరినారా ఎప్పుడూ స్టవ్ మీద సిద్ధంగా ఉండేవాళ్లకి అది కుదురుతుంది. ఇంట్లో ఒక్కపూట చేసుకునేవాళ్లు డబ్బా విప్పి పదిహేను నిమిషాలు ఉడికించి క్రీమ్ పోస్తే మీకొచ్చినట్టే వస్తుంది. అందుకని ఇంట్లో టమాటా పేస్ట్‌తో చేయడమే మేలు. అమెరికాలో టమాటా పేస్ట్ అని అమ్మాలంటే అందులో కనీసం 24 శాతం ఘనపదార్థం ఉండాలి. మామూలు టమాటాలో ఐదారు శాతమే, మిగతాదంతా నీళ్లు. గంటలు కాచే పని ఫ్యాక్టరీ వాళ్లు ముందే చేసి పెట్టారన్నమాట. ట్యూబ్‌లో వచ్చే డబుల్ కాన్సంట్రేట్, అంటే ఇంకా చిక్కటి పేస్ట్, దొరికితే ఇంకా మంచిది.

ఒక పౌండు పెన్నెకి, అంటే 454 గ్రాములకి, కొలతలు చెప్తాను. వెడల్పాటి మందమైన మూకుడు తీసుకోండి. నాన్‌స్టిక్ కాకపోతేనే బావుంటుంది, ఎందుకో చెప్తాను. రెండు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె, ఒక స్పూను వెన్న వేసి, ఒక చిన్న ఉల్లిపాయ సాధ్యమైనంత సన్నగా తరిగి వేయండి. చిటికెడు ఉప్పు. సన్న సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు. ఎర్రబడకూడదు, మెత్తబడి తీపి వాసన రావాలి. షాపు సాస్‌లో మీకు తెలిసే తీపి పంచదార కాదు, చాలావరకు ఈ ఉల్లిపాయే. తర్వాత మూడు వెల్లుల్లి రెబ్బలు, అర టీస్పూను ఎండుమిర్చి పలుకులు. పిల్లలకైతే పావు చాలు.

ఇప్పుడు 130 గ్రాముల ట్యూబ్ మొత్తం పిండేయండి. చిన్న డబ్బా తెచ్చుకుంటే అది 170 గ్రాములుంటుంది, అది మొత్తం వేసినా ఫర్వాలేదు. సెగ మధ్యస్థంగా పెట్టి, గరిటెతో పేస్ట్‌ని మూకుడంతా పరిచి, వదిలేసి, మళ్లీ గీకి, మళ్లీ పరచండి. ఐదారు నిమిషాల పని. వేసినప్పుడు పేస్ట్ నిగనిగలాడే ఎరుపు, చేదు, పులుపు, కాస్త డబ్బా వాసన. రెండు నిమిషాలకి గరిటెకి అంటుకోవడం మొదలవుతుంది. మూడు నిమిషాలకి అడుగున ముదురు పొర కడుతుంది. నాన్‌స్టిక్ వద్దన్నది దీనికోసమే, ఆ పొర అందులో కట్టదు. నాలుగైదు నిమిషాలకి రంగు ఇటుక రంగుకి తిరిగి, అంచుల్లో నారింజ రంగు నూనె ఊరుతుంది. కూర మసాలా నూనె తేలేదాకా వేయించడం మనకెవరూ నేర్పక్కర్లేదు కదా, ఇదీ అంతే. పచ్చి వాసన పోయేదాకా వదలొద్దు. షాపు వాళ్ల కాషాయం రంగు ఇక్కడే పుడుతుంది. ఈ పని సరిగ్గా చేస్తే మిగతా దాంట్లో చిన్నచిన్న తేడాలు వచ్చినా సాస్ బావుంటుంది. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత ఖరీదైన క్రీమ్ పోసినా గులాబీ రంగే.

ఇక వోడ్కా. 60 మిల్లీలీటర్లు, అంటే పావు కప్పు. ఒక జాగ్రత్త గట్టిగా చెప్తున్నాను: సీసాతో నేరుగా మూకుట్లోకి వంచొద్దు. ముందే గిన్నెలో కొలిచి పెట్టుకుని, గ్యాస్ ఆపేసి, అప్పుడు పోసి, మళ్లీ వెలిగించండి. వేడి మూకుడు మీద లేచే ఆవిరి పక్క మంటకి అంటుకుంటుంది. మా వంటింట్లో అయితే మంట లేపడం ఒక సరదా, మీ ఇంట్లో పైన చెక్క క్యాబినెట్ ఉంటుంది. పోశాక అడుగున కట్టిన పొరనంతా గరిటెతో గీకి కలిపి, ఘాటు వాసన తగ్గేదాకా రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. ఖరీదైన వోడ్కా అక్కర్లేదు, ఫ్లేవర్లు కలిపినవి మాత్రం వద్దు.

క్రీమ్: హెవీ క్రీమ్ ముప్పావు కప్పు. ఇక్కడి లెక్క ప్రకారం హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం కొవ్వు ఉంటుంది. హాఫ్ అండ్ హాఫ్‌లో 10.5 నుంచి 18 శాతం లోపే. కొవ్వు తక్కువైనకొద్దీ టమాటా పులుపుకి పాలలోని ప్రోటీన్ గడ్డకడుతుంది. కాబట్టి కొవ్వు తగ్గించాలని హాఫ్ అండ్ హాఫ్ పోస్తే విరుగుతుంది. క్రీమ్ తగ్గించుకోండి గానీ క్రీమ్ బదులు అది పోయొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టి, సెగ తగ్గించి, కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. బుడబుడ మరగనివ్వొద్దు.

పాస్తా ఉడికించడంలో మనవాళ్లు చేసే రెండు పనులు మానేయాలి. నీళ్లలో నూనె పోయడం ఒకటి, ఉడికాక నూడుల్స్‌కి చేసినట్టు చన్నీళ్లతో కడగడం ఒకటి. నూనె నీళ్ల మీద తేలుతుంది, వంచేటప్పుడు పాస్తాకి అంటుకుని సాస్‌ని జారిపోనిస్తుంది. కడిగితే పైనున్న గంజి పోతుంది, సాస్ పట్టుకునేది ఆ గంజితోనే. నాలుగు లీటర్ల నీళ్లకి నలభై గ్రాముల ఉప్పు. ప్యాకెట్ మీద పదకొండు నిమిషాలుంటే తొమ్మిదికే తీసేయండి. వంచే ముందు రెండు కప్పుల నీళ్లు పక్కన పెట్టుకోవడం మర్చిపోవద్దు. పెన్నెలో కూడా గీతలున్న రిగాతె రకమే కొనండి.

తీసిన పాస్తాని సాస్‌లో వేసి, అర కప్పు ఆ నీళ్లు పోసి, సెగ కాస్త పెంచి, రెండు నిమిషాలు ఆపకుండా కలియబెట్టండి. మొదట సూప్‌లా కనబడుతుంది, కంగారు పడొద్దు. గంజి, కొవ్వు కలిసి చిక్కబడి, మూకుడు కుదిపితే పాస్తా, సాస్ ఒక్కటిగా కదులుతాయి. గరిటె లాగితే అడుగున దారి కనబడి, వెంటనే మూసుకుపోవాలి. మూసుకోకుండా అలాగే నిలబడితే ఇంకో గరిటెడు నీళ్లు పోయండి. అప్పుడు గ్యాస్ ఆపేసి, 50 గ్రాముల పార్మెజాన్ చీజ్ అప్పటికప్పుడు సన్నగా తురిమి, ఒక చెంచా వెన్న వేసి కలపండి. డబ్బాలో వచ్చే పొడి ముద్దకట్టకుండా సెల్యులోజ్ కలుపుతారు, అది సాస్‌లో కరగదు. ఉప్పు ఆఖరున చూసుకోండి, పేస్ట్‌లోనూ చీజ్‌లోనూ ఉప్పు ఉంటుంది.

వోడ్కా మొత్తం ఆవిరైపోతుందా అంటే, పోదు. అమెరికా వ్యవసాయ శాఖ వేసిన పట్టిక ఒకటుంది. వంటలో కలిపి పదిహేను నిమిషాలు ఉడికిస్తే ఆల్కహాల్‌లో 40 శాతం మిగులుతుంది. అరగంటకి 35, గంటకి 25, రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం ఉంటుంది. మన లెక్క చూస్తే, 60 మిల్లీలీటర్ల వోడ్కాలో అసలు ఆల్కహాల్ 24. మన సాస్ పదిహేను నిమిషాలు కూడా ఉడకదు కాబట్టి 40 శాతం కంటే ఎక్కువే మిగలొచ్చు. మొత్తం మిగిలిందనుకున్నా ఆరుగురు తింటే మనిషికి నాలుగు మిల్లీలీటర్లకి మించదు. ఒక బీరు డబ్బాలో పదిహేడు పైన ఉంటుంది. తక్కువే, కానీ సున్నా కాదు. పిల్లలకి పెట్టాలా వద్దా అన్నది వాళ్ల అమ్మానాన్నల ఇష్టం, అందుకే పార్టీలో ట్రే పక్కన ఒక చీటీ పెట్టడం మర్యాద. గర్భవతులు, మందులు వాడేవాళ్లు, మతం రీత్యా ముట్టనివాళ్లు కూడా వస్తారు కదా.

అత్తయ్యగారి సంగతి. ఆవిడకి వోడ్కా కంటే ముందు చీజ్ చూసుకోవాలి. అసలైన పార్మిజానో రెజ్జానోని లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే, అంటే పాలని గడ్డకట్టించే పదార్థంతోనే, చేయాలని నియమం. పెకొరీనో రొమానో అనే ఇంకో ఇటలీ చీజ్‌కి గొర్రెపిల్లది. గ్రానా పదానో చీజ్‌లో వాడేదీ జంతువులదే. గుడ్డు ముట్టనావిడకి అది తెలియకుండా పెట్టడం తప్పు. అమెరికాలో తయారైన పార్మెజాన్‌లలో మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసిన) రెన్నెట్ అనో వెజిటేరియన్ అనో రాసి ఉన్నవి దొరుకుతాయి. ఊరికే ఎంజైమ్స్ అని రాసి ఊరుకుంటే అది దేనిదో తేలదు, వదిలేయండి. బయట తినేటప్పుడు ఇంకోటి అడగాలి: చాలామంది ఈ సాస్‌లో పాంచెత్తా, ప్రొషూతో, అంటే పంది మాంసం ముక్కలు వేస్తారు. కొందరు చికెన్ స్టాక్ పోస్తారు. మెనూలో రాయరు. సాస్ ఎర్రగా ఉంది కాబట్టి శాకాహారమే అనుకోకండి.

మల్కాజ్‌గిరి మామ:

అన్నా, మంచిగ చెప్పినవ్. కానీ ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నీ లెక్క చూస్తే ప్లేటుకు నాలుగు మిల్లీలీటర్లకు మించి లేదు. వోడ్కాకు రుచి ఉండదు, వాసన ఉండదు. మరి గది ఎందుకు ఏసుడు? ఊకె పేరు కోసమా? ఇంకోటి, మా ఆఫీసుల మిలాన్‌కెళ్లి వచ్చిన ఒకాయన ఉన్నడు. ఇది ఇటలీ వంటనే కాదు, మీ అమెరికా వాళ్లు పుట్టించిన్రు అంటడు. నిజమేనా?

గరిటె గోపాలం:

మామా, మంచి ప్రశ్న. ఒకే సాస్‌ని రెండు గిన్నెల్లో చేసి, ఒకదాంట్లో వోడ్కా, ఒకదాంట్లో అంతే నీళ్లు పోసి పక్కపక్కన పెడితే తేడా నాలుక కంటే ముందు ముక్కుకి తెలుస్తుంది. టమాటా వాసననిచ్చే పదార్థాల్లో కొన్ని నీళ్లలో కంటే ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి. ఆల్కహాల్ తొందరగా ఆవిరయ్యేది కాబట్టి వాటిని వెంటేసుకుని పైకి లేస్తుంది. క్రీమ్ పడ్డాక టమాటా గొంతు నొక్కేసినట్టు అవుతుంది కదా, దాన్ని ఇది మళ్లీ పైకి తెస్తుంది. దానితోపాటు గొంతులో సన్నటి ఘాటు. అలాగని ఎక్కువ పోస్తే చేదు. అదొక్కటే వోడ్కా చేసే పని. అది లేకపోతే వంట పాడవదు. రుచిలో ఎక్కువ భాగం పేస్ట్ వేయించడంలో ఉందని మళ్లీ చెప్తున్నాను. వోడ్కా వద్దనుకుంటే అంతే కొలత పాస్తా నీళ్లు పోసి, ఆఖరున కాస్త మిరియాల పొడి చల్లండి. నాకు ఆ రకం కూడా ఇష్టమే.

పుట్టుక గురించి: ఆఫీసాయన చెప్పింది సగమే నిజం. నాదంటే నాదని చాలామంది అన్నారు. ఇటలీ నటుడు ఊగో తొన్యాత్సి 1974లో వేసిన వంటల పుస్తకంలో వోడ్కా, మిరపకాయ కలిసిన పెన్నె ఉంది. బొలోన్యాలో దాంతె అనే రెస్టారెంట్ పేరు చెప్పేవాళ్లున్నారు. న్యూయార్క్‌లో ఒర్సినీస్ అనే చోట పుట్టిందనేవాళ్లూ ఉన్నారు. ఏదీ తేలలేదు, తేలదు కూడా. 1980లలో ఇటలీలో కూడా ఫ్యాషన్‌గా బాగానే తిన్నారు. తర్వాత అక్కడ మోజు తగ్గింది, ఇక్కడ మాత్రం పెళ్లిళ్ల దగ్గర్నుంచి పిజ్జా ముక్క మీద సాస్ దాకా పాకిపోయింది. మా ఓనర్ తాతలు నేపుల్స్ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి ఈ వంటకం పేరు కూడా తెలిసి ఉండదు. ఇప్పుడు ఆయన రెస్టారెంట్ అద్దె కట్టేది దీనితోనే.

విశాఖ వనజ:

గోపాలం గారూ, మాకు ఇక్కడ హెవీ క్రీమ్ దొరకదండీ. ట్యూబ్ పేస్ట్ ఆన్‌లైన్‌లో ఉంది గానీ ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. అముల్ ఫ్రెష్ క్రీమ్, మామూలు టమాటాలతో అవుతుందా? చీజ్ క్యూబ్స్ వేయొచ్చా? మా అబ్బాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా పాస్తా పాస్తా అని ఒకటే గోల.

గరిటె గోపాలం:

అవుతుంది వనజ గారూ, బ్రహ్మాండంగా అవుతుంది. పేస్ట్ కొనక్కర్లేదు. కిలో పండు టమాటాలు, హైబ్రిడ్‌వి అయినా ఫర్వాలేదు, వేడినీళ్లలో వేసి తొక్క తీసి, మిక్సీ పట్టి, జల్లెడలో వడకట్టండి. వెడల్పు మూకుట్లో కలుపుతూ దగ్గరపడనివ్వండి. కిలోకి 200 గ్రాముల లోపు చేరితే మీ చేతిలో ఉన్నది పేస్టే. అడుగంటకుండా చూసుకోవాలి, చివర్లో చిటపట ఎగిరి చేతుల మీద పడుతుంది, మూత అడ్డం పెట్టుకోండి. నాటు టమాటాలు వాడితే పులుపు ఎక్కువ, ఇంకో ఉల్లిపాయ వేసుకోండి.

అముల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. విరగడానికి కాస్త అవకాశం ఉంది. అందుకని వరస మార్చండి: ముందు పాస్తా, పాస్తా నీళ్లు సాస్‌లో వేసి చిక్కబడ్డాక, గ్యాస్ ఆపేసి, ఒక నిమిషం ఆగి అప్పుడు క్రీమ్ కలపండి. మళ్లీ మరిగించొద్దు. చీజ్ క్యూబ్ వేస్తే సాస్ సాగుతుంది, ఉప్పగా అవుతుంది, వేరే వంట అయిపోతుంది. మీ అబ్బాయికి అదే నచ్చుతుందేమో, అది వేరే విషయం. పార్మెజాన్ దొరక్కపోతే చీజ్ మానేసి ఇంకో చెంచా వెన్న వేయండి. ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ అని ఉన్న పాస్తానే కొనండి, మిగతావి రెండు నిమిషాలు ఎక్కువ ఉడికితే ముద్దయిపోతాయి. ఎండుమిర్చి గుంటూరుదైతే నేను చెప్పిన కొలతలో సగం.

ఎడిసన్ కోడలు:

గోపాలం గారూ, మీ రుణం ఉంచుకోను, ఎడిసన్ వైపు వస్తే భోజనానికి రండి. నిన్న పేస్ట్ ట్యూబ్ తెచ్చి మీరు చెప్పినట్టే చేశాను, వోడ్కా లేకుండా. రంగు వచ్చేసింది! అత్తయ్యగారికి రెన్నెట్ సంగతి చెప్తే "ఇన్నాళ్లూ పిజ్జా మీద ఏం తిన్నానో" అని కాసేపు తల పట్టుకున్నారు. తర్వాత వెజిటేరియన్ చీజ్ ప్యాకెట్ తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని అట్ట మీద ప్రతి అక్షరం చదివి, అప్పుడు తిన్నారు. ఇంకాస్త కారం ఉంటే బాగుండునన్నారు.

ఆఖరి ప్రశ్న. నలభై మందికి ఎంత చేయాలి? పొద్దున చేసి ట్రేలో పెడితే సాయంత్రానికి సాసంతా పీల్చేసుకుని ఎండిపోదూ?

గరిటె గోపాలం:

అట్ట చదివే అత్తగారు ఉండటం మీ అదృష్టం.

బిర్యానీ, మిగతా వంటలు ఉంటాయి కాబట్టి ఒక పౌండు ఏడెనిమిది మందికి వస్తుంది. నలభై మందికి ఐదు పౌండ్లు. ఒక్క ఫుల్ ట్రే బదులు రెండు హాఫ్ ట్రేలు చేయండి, ఒక్కోదానికి రెండున్నర పౌండ్లు. ఒకటి వోడ్కా లేకుండా, శాకాహారం చీజ్‌తో, కారం తగ్గించి పిల్లలకీ అత్తయ్యగారికీ. అత్తయ్యగారి ప్లేటు మీద మిరప పలుకులు విడిగా చల్లండి. రెండోది పెద్దవాళ్లకి. ఆ ట్రేకి కొలతలన్నీ రెండున్నర రెట్లు చేయండి గానీ వోడ్కా మాత్రం 150 కాకుండా 120 మిల్లీలీటర్లే పోయండి. లోతైన గిన్నెలో సాస్ మందంగా ఉంటుంది, ఆవిరి పోవడం తగ్గుతుంది, ఘాటు నిలిచిపోతుంది.

మీరన్నట్టు పెన్నె పీల్చేసుకుంటుంది. దాన్ని ఆపలేం, ముందే లెక్కేసుకోవాలి. సాస్ పొద్దునో ముందురోజో చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, చీజ్ కలపకుండా. పాస్తా మాత్రం అతిథులు వచ్చే గంట ముందే. ప్యాకెట్ టైముకి మూడు నిమిషాల ముందు తీయండి. సాస్ మామూలుకన్నా ఒకటిన్నర రెట్లు ఉండాలి, ట్రేలో పోసినప్పుడు ఇదేంటి ఇంత జారుగా ఉంది అనిపించాలి. ఫాయిల్ గట్టిగా మూసి 325 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో పెట్టండి, వడ్డించేదాకా వేడి 140 డిగ్రీల కిందికి దిగకూడదు. క్రీమ్ ఉన్న వంట, చల్లారిపోతే రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు. పక్కన ఫ్లాస్కులో రెండు మూడు కప్పుల వేడి పాస్తా నీళ్లు ఉంచుకుని, బిగుసుకున్నట్టు కనబడితే అర కప్పు పోసి అడుగునుంచి కలపండి. మా క్యాటరింగ్ ట్రేలతో వెళ్లే కుర్రాళ్ల వ్యాన్‌లో ఆ ఫ్లాస్కు ఎప్పుడూ ఉంటుంది.

వోడ్కా ఉన్న ట్రేకి చీటీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, పిల్లలకి అందని బల్ల మీద పెట్టండి. చీటీ చదివే తీరిక పిల్లలకి ఉండదు.